ఆట ఆపినవాడు పారిపోయినట్లేనా?



ఒక సంక్రాంతి పండుగకు మా ప్రాంతంలోని తెలుగువాళ్ళమంతా ఒక బడి హాలు అద్దెకు తీసుకొని కలుసుకున్నాము. ఇంగ్లండులో సంక్రాంతి ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. ముగ్గు వెయ్యడానికి వాకిలి ఉండదు, గొబ్బెమ్మలు ఉండవు, బయట చలి, తడి గడ్డి. అయినా పెద్దలు లోపల పులిహోర, అరిసెలు సర్దుతుంటే పిల్లలు బయటకు పోయి చెడుగుడు మొదలుపెట్టారు. చెడుగుడు అంటే కబాడీయే. మన తాతలు దాన్ని చెడుగుడు అనే అనేవారు.

ఆట మంచి పట్టులో ఉండగా పన్నెండేళ్ళ పిల్లవాడొకడు కూత పెడుతూ అవతలి జట్టులోకి వెళ్ళాడు. ఇద్దరు కలిసి పట్టుకున్నారు. విడిపించుకొని గీత దాటి వచ్చాడు గాని, ఆ పెనుగులాటలో చిటికెన వేలు వెనక్కి మెలిపడింది. చెయ్యి పొట్టకు అదుముకొని ఒక పక్కన కూర్చున్నాడు. "నేనింక ఆడను" అన్నాడు. వెంటనే అవతలి జట్టు పిల్లలు ఇంగ్లీషులో "క్విటర్! క్విటర్!" అని చప్పట్లు కొట్టారు. వేలు నొప్పికి ఏడవని పిల్లవాడు ఆ మాటకు ఏడ్చాడు. మరునాడు ఎక్స్‌రే తీస్తే వేలి ఎముక చిట్లిందని తేలింది.

తరువాతి శనివారం తెలుగు తరగతిలో నేను ఆ ఇంగ్లీషు మాటను నల్లబల్ల మీద తెలుగు అక్షరాలతో వ్రాసి, "దీన్ని తెలుగులో ఏమంటారు?" అని అడిగాను.

"పిరికివాడు" అన్నాడు ఒకడు.

"కాదు మాస్టారూ, పారిపోయినవాడు" అన్నది వాడి అక్క.

"ఓడిపోయినవాడు" అన్నాడు మరొకడు. ఇంకొకడు "చేతులెత్తేసినవాడు" అన్నాడు. ఆ మాట వాళ్ళ నాన్న ఫోనులో ఎవరితోనో అంటుంటే విన్నాడట. వెనక బల్ల మీది అమ్మాయి లేచి, "మా అమ్మమ్మయితే 'మానుకున్నాడు' అంటుంది మాస్టారూ" అన్నది. అందరికంటే చిన్నపిల్ల, ఆరేళ్ళది, "ఆపేశాడు, అంతే" అన్నది.

ఇంగ్లీషులో ఒక్క మాటతో సరిపెట్టుకున్నది తెలుగులో ఆరు మాటలైంది. ఆ ఆరూ ఒకటి కావు. పిరికివాడు, పారిపోయినవాడు అనేవి తిట్లు. ఓడిపోయినవాడు అనేది తిట్టు కాదు, ఫలితం. చేతులెత్తేశాడు అంటే ఇక తనవల్ల కాదని ఒప్పుకున్నాడని అర్థం. మానుకున్నాడు అన్నప్పుడు కాస్త వివేకం కూడా వినిపిస్తుంది. "మా తాతయ్య చుట్ట కాల్చడం మానుకున్నాడు" అంటే ఆయన్ని పిరికివాడని ఎవరూ అనరు గదా! మరి ఆ పిల్లవాడికి వీటిలో ఏ మాట తగును? తరగతి తేల్చలేకపోయింది. వేలికి కట్టుతో వాడు మొదటి వరసలోనే కూర్చొని ఉండడం వల్ల కొందరికి నోరు రాలేదు కూడా.

ఇదే తగాదా పెద్దవాళ్ళ మధ్య ఒక ఆటలో మాటిమాటికీ వస్తూ ఉంటుంది. ఆ ఆట బాక్సింగ్. దెబ్బ తగిలి పోటీ మధ్యలో ఆగిపోయిన బాక్సర్ నిజంగా 'వదిలేసినట్లేనా' అన్నది ప్రశ్న. ఈ పాఠంలో దాన్ని గురించి చదువుదాం.

బాక్సింగును తెలుగులో ముష్టియుద్ధం అంటారు. ముష్టి అంటే పిడికిలి. (బిచ్చానికి ముష్టి అనే పేరు కూడా దీని నుండే వచ్చింది. పూర్వం బిచ్చగాడికి పిడికెడు గింజలు పెట్టేవారు.) ఈ ఆటకు మొదటి నియమాలు లండన్‌లోనే పుట్టాయి. 1743లో జాక్ బ్రౌటన్ అనే యోధుడు కొన్ని నియమాలు వ్రాశాడు. పడిపోయినవాణ్ణి కొట్టరాదు అన్నది వాటిలో ముఖ్యమైనది. ఆ రోజుల్లో వట్టి పిడికిళ్ళతోనే పోరాడేవారు. తరువాత 1867లో క్వీన్స్‌బరీ నియమాలు అచ్చయ్యాయి. ఈనాటి బాక్సింగుకు అవే పునాది. చేతులకు గ్లవ్సులు ఉండాలి. ఒక్కొక్క రౌండు మూడు నిమిషాలు. రెండు రౌండ్ల మధ్య ఒక నిమిషం విశ్రాంతి. పడినవాడు పది సెకన్లలో లేవకపోతే ఓడినట్లు. ఇంకొక చిన్న నియమం ఉన్నది, గమనించండి. ఒక మోకాలు నేలకు ఆనించినవాణ్ణి కూడా పడినవాడి కిందే లెక్కగట్టాలి. అప్పుడు ఎదుటివాడు వాణ్ణి తాకరాదు. అంటే, నిలబడలేని మనిషికి ప్రాణరక్షణగా ఒక దారిని ఆ నియమాలు వ్రాసినవాళ్ళే ఉంచారు.

పోటీ మధ్యలో ఆగిపోవడానికి చాలా మార్గాలున్నాయి. రెఫరీ ఆపవచ్చు. బరి పక్కన కూర్చున్న వైద్యుడు ఆపించవచ్చు. బాక్సర్ మూలలో నిలబడే శిక్షకుడు "ఇక చాలు" అనవచ్చు, లేదా తువ్వాలు లోపలికి విసరవచ్చు. ఇక చివరిది, బాక్సరే స్వయంగా ఆగడం. మొదటి మూడింటికీ ఎవరూ బాక్సర్ను తప్పుపట్టరు. నాలుగో దానికే గొడవ.

2020 నవంబర్ 28న లండన్‌లో, వెస్ట్‌మిన్‌స్టర్ దగ్గర ఉన్న చర్చ్ హౌస్‌లో డానియల్ డుబాయ్, జో జాయిస్ తలపడ్డారు. ఇద్దరూ లండన్ వాళ్ళే. ఇద్దరూ అంతవరకు వృత్తి బాక్సింగులో ఓటమి ఎరగరు. డుబాయ్‌కి 23 ఏళ్ళు, జాయిస్‌కి 35. కోవిడ్ రోజులు గనుక హాలులో ప్రేక్షకులు లేరు. జాయిస్ ఎడమ చేతి దెబ్బలు ఒకే చోట, డుబాయ్ ఎడమ కంటి మీద, మళ్ళీ మళ్ళీ పడ్డాయి. కన్ను వాచి మూసుకుపోయింది. పదో రౌండులో మరొక దెబ్బ తగలగానే డుబాయ్ వెనక్కి తిరిగి మోకాలి మీద కూర్చున్నాడు. రెఫరీ పది లెక్కపెట్టాడు. అతడు లేవలేదు.

ఆ రాత్రి టెలివిజన్‌లో మాజీ బాక్సర్లు కొందరు గట్టిగానే తిట్టారు. తామైతే లేచేవాళ్ళమన్నారు. తరువాత ఆసుపత్రిలో చూస్తే అతని కనుగుంత ఎముక విరిగి ఉంది.

ఈ ఎముక గురించి కొంచెం చెప్పాలి. కనుగుడ్డు ఒక ఎముకల గుంతలో కూర్చొని ఉంటుంది. ఆ గుంత అంచు గట్టిది. దాని అడుగు మాత్రం చాలా పలచన, గుడ్డుపెంకు అనుకోండి. అది విరిగితే కంటిని తిప్పే కండరం ఆ పగులులో చిక్కుకోవచ్చు. అప్పుడు ఒక మనిషి ఇద్దరుగా కనబడతాడు. ఆ ఇద్దరిలో ఎవరు నిజమో తెలియకుండా గుద్దులు తప్పించుకోవడం ఎలా? మరికొన్ని దెబ్బలు పడితే చూపు శాశ్వతంగా పోయే భయం కూడా ఉంది. షెఫీల్డ్ బాక్సర్ కెల్ బ్రూక్ కూడా 2017లో తన ఊళ్ళోనే ఎరల్ స్పెన్స్ మీద పోరాడుతూ, కనుగుంత ఎముక విరిగి పదకొండో రౌండులో మోకాలి మీద కూర్చున్నాడు. అంతకు ముందు ఏడాదే అతనికి రెండో కంటి గుంత విరిగి శస్త్రచికిత్స జరిగింది. ఆ నొప్పి ఏమిటో, దాని తరువాత ఏమి జరుగుతుందో అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు.

తిట్టినవాళ్ళ వాదం కూడా వినాలి. ఎదుటివాళ్ళ మాట పూర్తిగా వినకుండా తీర్పు చెప్పడం మంచిది కాదు. వాళ్ళు అనేది ఇది: "బాక్సింగులో నొప్పి లేని రోజు లేదు. నొప్పి పుట్టగానే ఆగితే ఈ ఆటే ఉండదు. గాయంతో నిలిచినవాళ్ళు ఎంతమంది లేరు?" ఇది ఉత్త మాట కాదు. 1973లో మహమ్మద్ అలీ దవడ విరిగి కూడా కెన్ నార్టన్‌తో పన్నెండు రౌండ్లూ పూర్తిచేశాడు, ఓడిపోయాడు. 2000 అక్టోబరులో లండన్‌లోని వెంబ్లీలో డానీ విలియమ్స్‌కు మధ్యలో కుడి భుజం కీలు తప్పింది. చెయ్యి వేలాడుతుంటే ఎడమచేతి ఒక్కదానితో మార్క్ పాటర్‌ను పడగొట్టి గెలిచాడు. ఇలాంటి కథలు ఒకసారి వింటే మరచిపోలేము. ఆగినవాడి పక్కన వీళ్ళను నిలబెట్టి చూపడం కూడా అందుకే తేలిక.

అయితే అదే 2000వ సంవత్సరంలో ఇంకొక భుజం కథ జరిగింది. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఎక్కువ ఆలోచన కలిగించినది అదే.

విటాలి క్లిచ్‌కో ఉక్రెయిన్ దేశపు బాక్సర్. ఆరున్నర అడుగుల పైన ఎత్తు. అప్పటికి 27 పోటీలు చేస్తే, ఇరవై ఏడింటినీ చివరి గంట మోగకముందే ముగించినవాడు. 2000 ఏప్రిల్ 1న బెర్లిన్‌లో అమెరికా బాక్సర్ క్రిస్ బర్డ్‌తో తలపడ్డాడు. తొమ్మిది రౌండ్లు గడిచాయి. ముగ్గురు న్యాయనిర్ణేతల లెక్కలోనూ క్లిచ్‌కోనే బాగా ముందున్నాడు. మిగిలినవి మూడు రౌండ్లు. ఆ మూడూ ఓడినా, పడిపోకుండా నిలబడితే చాలు, కిరీటం అతనిదే అయ్యే పరిస్థితి. కాని అతడు తన మూలలో ఎత్తుపీట మీద నుండి లేవలేదు. భుజంలో కండరపు నరం తెగింది. చెయ్యి ఎత్తలేకపోయాడు. బర్డ్ గెలిచినట్లు ప్రకటించారు.

అమెరికా పత్రికలవాళ్ళు, టెలివిజన్ వ్యాఖ్యాతలు క్లిచ్‌కోను ధైర్యం లేనివాడన్నారు. "గెలుస్తూ వదిలేసినవాడు" అని ముద్ర వేశారు. ఆరు నెలలకు అతని తమ్ముడు వ్లాదిమిర్ అదే బర్డ్‌ను ఓడించి ఆ కిరీటాన్ని ఇంటికి తెచ్చాడు. అయినా అన్న మీది ముద్ర పోలేదు.

మూడేళ్ళు గడిచాయి. 2003 జూన్ 21న లాస్ ఏంజిలిస్‌లో విటాలి క్లిచ్‌కో బ్రిటన్ వీరుడు లెనాక్స్ లూయిస్‌ను ఎదుర్కొన్నాడు. మూడో రౌండులో లూయిస్ కుడిచేతి దెబ్బకు క్లిచ్‌కో ఎడమ కంటి పైన చర్మం లోతుగా చీలింది. ముఖమంతా రక్తం. అయినా పోరాడుతూనే ఉన్నాడు. ఆరు రౌండ్లు ముగిసేసరికి ముగ్గురు న్యాయనిర్ణేతలూ 58కి 56గా అతన్నే ముందు ఉంచారు. అప్పుడు వైద్యుడు వచ్చి చూశాడు. తల పైకెత్తితే పై రెప్ప వాలి చూపుకు అడ్డం వస్తోంది. రాబోయే దెబ్బ కనబడనివాణ్ణి బరిలోకి పంపరాదని చెప్పి పోటీ ఆపించాడు. క్లిచ్‌కో ఒప్పుకోలేదు, వాదించాడు, బరిలో అటూ ఇటూ తిరుగుతూ కేకలు వేశాడు. గెలుపు లూయిస్‌కే వెళ్ళింది. ప్రేక్షకులు మాత్రం ఓడినవాడికే జేజేలు పలికారు. పిరికివాడన్న పత్రికలే వీరుడని వ్రాశాయి.

ఇప్పుడు ఈ రెండు రాత్రులనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండుసార్లూ క్లిచ్‌కో ముందున్నాడు. రెండుసార్లూ శరీరం దెబ్బతిన్నది. రెండుసార్లూ పోటీ రౌండ్ల మధ్యనే ఆగింది, రెండుసార్లూ ఓటమి అతని పేరనే నమోదయింది. మొదటిసారి పిరికివాడు, రెండోసారి వీరుడు. మనిషి మారాడా? నాకైతే అలా తోచదు. మారినవి రెండే. ఒకటి, భుజం లోపల తెగిన నరం ఎవరికీ కనబడదు. కంటి పైన చీలిక అందరికీ కనబడుతుంది. రెండు, మొదటిసారి "చాలు" అన్నది అతని మూల, రెండోసారి వైద్యుడు. మనం ధైర్యాన్ని కొలుస్తున్నామని అనుకుంటూ, చాలాసార్లు రక్తాన్ని కొలుస్తున్నాము.

విలియమ్స్ ఒంటిచేత్తో గెలిచాడు గదా, క్లిచ్‌కో ఎందుకు నిలబడలేదు అని మీలో కొందరు అడుగుతారు. అడగండి. భుజం కీలు తప్పడం ఒకటి, లోపల నరం తెగడం ఒకటి. ఒకరి ఎముక భరించిన దానితో మరొకరి ఎముకకు తూకం వెయ్యలేము. పైగా విలియమ్స్ కథ మనకు తెలిసింది అతడు గెలిచాడు గనుక. అలాగే నిలబడి జీవితాంతం చెయ్యి పనికిరాకుండా చేసుకున్నవాళ్ళ పేర్లను ఎవరూ పాటలు కట్టి పాడరు.

ఇక్కడ తెలుగు క్రియలు మనకు బాగా ఉపయోగపడతాయి. 'ఆట ఆగింది' అంటే ఎవరు ఆపారో మాటలో లేదు. 'ఆట ఆపాడు' అంటే ఆడేవాడే ఆపాడు. 'ఆట ఆపించారు' అంటే మరొకరు ఆపేటట్లు చేశారు. ఒక్క అక్షరం, రెండక్షరాలు మారితే బాధ్యత ఒకరి మీద నుండి మరొకరి మీదికి పోతుంది. వార్త చదివేటప్పుడు ఆ క్రియను ముందు చూడండి. బాక్సింగు లెక్కల పుస్తకాలలో, పీట మీద నుండి లేవని బాక్సర్ పేరు ఎదుట 'రిటైర్డ్' అని వ్రాస్తారు. మీ తాతయ్య ఉద్యోగం నుండి రిటైరయ్యాడని చెప్పే మాటే ఇది! దాన్ని మనం విరమణ అంటాము. పదవీ విరమణ చేసిన తాతయ్య కచేరీ నుండి పారిపోయాడని ఎవరైనా అంటారా?

ఆపే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నకు మనీలాలో జరిగిన పోటీని చాలామంది గుర్తుచేసుకుంటారు. 1975 అక్టోబర్ 1న ఫిలిప్పీన్స్ దేశంలో మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ మూడోసారి తలపడ్డారు. ఆ రోజుల్లో పెద్ద పోటీలకు పదిహేను రౌండ్లు. విపరీతమైన ఉక్కపోత. పద్నాలుగు రౌండ్లు ముగిసేసరికి ఫ్రేజియర్ కళ్ళు వాచి, ఎదుటి నుండి వచ్చే దెబ్బలు కనబడని స్థితి. అతని శిక్షకుడు ఎడ్డీ ఫచ్ ఇక చాలన్నాడు. ఫ్రేజియర్ వద్దన్నాడు, ఇంకొక్క రౌండే గదా అని బతిమాలాడు. బరిలో బాక్సర్ల చావులు కళ్ళారా చూసిన మనిషి ఫచ్. అతన్ని కూర్చోబెట్టి, ఈ రోజు నువ్వు చేసినదాన్ని ఎవరూ మరచిపోరని చెప్పి, పోటీ ఆపించాడు. అవతల గెలిచిన అలీ లేచి నిలబడి, ఆ వెంటనే బరిలో కూలబడ్డాడు. ఫ్రేజియర్ను వదిలేసినవాడని నేటికీ ఎవరూ అనరు. ఎందుకంటే అతని తరఫున ఆ మాట ఇంకొకరు అన్నారు. అలాంటి గురువు మూలలో లేనివాడు ఆ మాట తానే అనుకోవాలి. అప్పుడు నింద కూడా తానే మొయ్యాలి.

ఎవరూ ఆ మాట వేళకు అనకపోతే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. 1982 నవంబర్ 13న అమెరికాలోని లాస్ వేగాస్‌లో దక్షిణ కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ, రే మన్సీనీతో పద్నాలుగో రౌండు వరకు పోరాడాడు. పడిపోయి, పట్టుదలగా మళ్ళీ లేచాడు. రెఫరీ అప్పుడు ఆపాడు. కొద్ది నిమిషాలకే కిమ్ స్పృహ తప్పాడు. మెదడులో రక్తం గడ్డకట్టింది. కొన్ని రోజులకు చనిపోయాడు. ఆ తరువాతనే ప్రపంచ బాక్సింగు సంఘాలు ఒకటొకటిగా పదిహేను రౌండ్లను పన్నెండుకు తగ్గించాయి. మీరు ఈనాడు చూసే పోటీలో లేని ఆ మూడు రౌండ్లకు అదీ కారణం.

ఇంతవరకు చెప్పిన కథలన్నీ ఆగినవాడి పక్షానే ఉన్నట్లున్నాయి. చిక్కుముడి లాంటి కథ ఒకటి చెప్పకపోతే అన్యాయమవుతుంది. పనామా దేశపు రొబెర్తో దురాన్ 1980 జూన్‌లో మాంట్రియల్‌లో షుగర్ రే లెనార్డ్‌ను ఓడించాడు. అదే ఏడు నవంబర్ 25న న్యూ ఆర్లియన్స్‌లో మళ్ళీ పోటీ. ఈసారి లెనార్డ్ అందకుండా తిరుగుతూ, చేతులు గిరగిర తిప్పుతూ, అతన్ని ఎగతాళి చేస్తూ ఆడాడు. ఎనిమిదో రౌండులో దురాన్ చెయ్యి ఊపి పక్కకు తిరిగాడు. "నో మాస్" అన్నాడని ప్రపంచమంతా చెప్పుకున్నది. స్పానిష్ భాషలో 'ఇక చాలు' అని దాని అర్థం. తాను ఆ మాట అనలేదని దురాన్ తరువాత చెప్పాడు. కడుపులో నొప్పి వచ్చిందన్నాడు. గాయం మాత్రం ఎవరికీ కనబడలేదు. అతని దేశంలోనే అతన్ని తిట్టారు.

ఇది వదిలెయ్యడమా? నల్లబల్ల మీది ఆరు మాటలలో దేన్నయినా నిజంగా వాడాలంటే ఇక్కడ 'చేతులెత్తేశాడు' కొంత సరిపోతుందని నాకు అనిపిస్తుంది. 'పిరికివాడు' మాత్రం సరిపోదు. ఎందుకంటే దురాన్ అక్కడితో ఆగలేదు. 1983లో మరొక ప్రపంచ కిరీటం, 1989లో తనకంటే ఎంతో పెద్ద శరీరం గల ఇరాన్ బార్క్‌లీ మీద ఇంకొకటి గెలిచాడు. ఒక రాత్రి చేసిన పనికి పెట్టే పేరు వేరు, మనిషికి పెట్టే పేరు వేరు. ఈ తేడాను తిట్లు పట్టించుకోవు.

మన రామాయణంలోనూ ఇలాంటి ఘట్టం ఉన్నది. సుగ్రీవుడు వాలిని యుద్ధానికి పిలిచాడు. వాలి పిడికిలి దెబ్బలకు నెత్తురు కక్కి, పరుగెత్తి ఋష్యమూకం చేరాడు. శాపం వల్ల వాలి ఆ కొండ మీద అడుగు పెట్టలేడు. ఆ క్షణాన చూసినవాళ్ళు సుగ్రీవుణ్ణి 'పారిపోయినవాడు' అనే అంటారు. పరుగెత్తాడు గనుక ఆ మాట అబద్ధమూ కాదు! కాని కథ అక్కడ ముగియలేదు. మెడలో గుర్తుగా పూలతీగ వేసుకొని మళ్ళీ వచ్చి వాలిని పిలిచాడు. (రెండోసారి రాముడి బాణం లేకపోతే ఏమయ్యేదో అని మీరు అడిగితే, అది వేరే పాఠం.)

ఇక మనవాళ్ళ దగ్గరికి వద్దాం. తెలంగాణలోని నిజామాబాద్ నుండి ఇద్దరు పేరున్న బాక్సర్లు వచ్చారు. ఒకరు మహమ్మద్ హుసాముద్దీన్, మరొకరు నిఖత్ జరీన్. హుసాముద్దీన్ తండ్రి దగ్గరే నిఖత్ కూడా తొలి పాఠాలు నేర్చుకున్నది. 2022 ఆగస్టులో మన బర్మింగ్‌హామ్‌లో కామన్వెల్త్ క్రీడలు జరిగినప్పుడు నిఖత్ బంగారు పతకం, హుసాముద్దీన్ కాంస్య పతకం గెలిచారు. మీలో కొందరి అన్నయ్యలు, అక్కయ్యలు వెళ్ళి చూసే ఉంటారు.

నిఖత్‌కు 2017లో భుజం కీలు తప్పింది. శస్త్రచికిత్స జరిగింది. సుమారు ఒక ఏడాది బరికి దూరంగా ఉండవలసి వచ్చింది. పద్నాలుగు, పదిహేనేళ్ళ వయసులోనే ప్రపంచ జూనియర్ పోటీలు గెలిచిన పిల్లకు ఆ ఏడాది ఎంత పొడుగ్గా ఉండి ఉంటుందో ఊహించండి. తోటివాళ్ళు ముందుకు పోతుంటే భుజం మానేవరకు చూస్తూ కూర్చోవాలి. ఆమె 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత అయింది. 2023లో ఢిల్లీలో మళ్ళీ గెలిచింది.

హుసాముద్దీన్ కథ మన ప్రశ్నకు మరీ దగ్గరిది. 2023 మేలో ఉజ్బెకిస్తాన్ రాజధాని తాష్కెంటులో ప్రపంచ పోటీలు జరిగాయి. 57 కిలోల విభాగంలో అతడు క్వార్టర్ ఫైనల్లో బల్గేరియా బాక్సర్‌ను నెగ్గాడు. ఆ పోరులోనే మోకాలికి దెబ్బ తగిలింది. సెమీఫైనల్లో క్యూబా బాక్సర్ సైడెల్ ఓర్తాతో తలపడాలి. జీవితంలో అతి పెద్ద పోటీ అది. బాక్సింగంటే పిడికిళ్ళ ఆట అనుకుంటాము గాని, దెబ్బ కాలి మడమ నుండి, మోకాలి నుండి పుడుతుంది. తప్పుకోవడమూ మోకాలితోనే. వాచిన మోకాలితో హుసాముద్దీన్ బరిలోకి దిగలేదు. ఒక్క గుద్దు పడకుండానే అవతలివాడు గెలిచినట్లయింది.

బాక్సింగులో మూడో స్థానం కోసం మరొక పోటీ పెట్టరు. సెమీఫైనల్లో ఓడిన ఇద్దరికీ కాంస్యమే ఇస్తారు. ఆ పోటీలలో సెమీఫైనల్ చేరిన మరి ఇద్దరు భారత బాక్సర్లు దీపక్, నిశాంత్ దేవ్ బరిలోకి దిగి పోరాడి ఓడారు. వాళ్ళకూ కాంస్యమే, హుసాముద్దీన్‌కూ కాంస్యమే. మూడు పతకాలనూ ఒకదాని పక్కన ఒకటి పెడితే ఏది ఎవరిదో చెప్పలేము.

వెస్ట్‌మిన్‌స్టర్‌లో మోకాలి మీద కూర్చున్న డానియల్ డుబాయ్ సంగతి చెప్పకుండా వదిలేశాను. ఎముక అతుక్కున్నాక అతడు మళ్ళీ బరిలోకి దిగాడు. గెలిచాడు, ఓడాడు, మళ్ళీ గెలిచాడు. 2024 సెప్టెంబర్ 21న వెంబ్లీ స్టేడియంలో, సుమారు 96 వేలమంది చూస్తుండగా, ఆంథొనీ జాషువాను ఐదో రౌండులో పడగొట్టి ప్రపంచ కిరీటం నిలుపుకున్నాడు. తరువాతి ఏడు జూలైలో అదే వెంబ్లీలో ఉక్రెయిన్ వీరుడు ఉసిక్ చేతిలో ఓడిపోయాడు. ఆ రెండు రాత్రులూ అతడు రెండు కళ్ళతోనూ చూడగలిగాడు.

నిజం చెప్పాలంటే నాకు ఈ ఆట మీద పెద్ద ప్రేమ లేదు. తల మీద కొట్టుకోవడాన్ని ఆట అనడానికి మనసు ఒప్పదు. అయినా ఈ పాఠం వ్రాయడానికి కారణం ఆ చిటికెన వేలు. రెండు నెలల తరువాత, కట్టు విప్పిన వారం, ఆ పిల్లవాడు తరగతికి కాస్త ముందుగా వచ్చాడు. నల్లబల్ల మీద తనంతట తానే ఒక మాట వ్రాశాడు. వంకరటింకరగా ఉన్నా తప్పులు లేవు: 'ఆగాను'. నేను దాన్ని ఆ రోజంతా తుడవలేదు.

అభ్యాసం

ఈ ప్రశ్నలకు మీ సొంత మాటలలో జవాబులు వ్రాయండి.

1867 నాటి నియమాలలో మోకాలు నేలకు ఆనించినవాణ్ణి గురించి ఏమున్నది? ఆ నియమాన్ని ఎందుకు పెట్టి ఉంటారు?

విటాలి క్లిచ్‌కోను 2000లో ఒక విధంగా, 2003లో మరొక విధంగా ఎందుకు పిలిచారు? ఈ పాఠంలో చెప్పిన కారణాలు మీకు చాలునా? మీకు తోచిన మరొక కారణం ఉంటే వ్రాయండి.

'ఆగింది', 'ఆపాడు', 'ఆపించారు' అనే క్రియలతో మనీలా పోటీని గురించి మూడు వాక్యాలు వ్రాయండి. ఏ వాక్యం ఎవరికి న్యాయం చేస్తున్నదో చెప్పండి.

దురాన్ విషయంలో మాస్టారు 'చేతులెత్తేశాడు' అన్న మాటను ఎంచుకున్నారు. మీరు ఒప్పుకుంటారా? ఒప్పుకోకపోతే మీరు ఏ మాట వాడతారు? ఎందుకు?

మీ అమ్మమ్మను గాని నాయనమ్మను గాని ఫోనులో అడిగి, ఒక పనిని మధ్యలో ఆపడానికి తెలుగులో ఇంకా ఏయే మాటలున్నాయో తెలుసుకోండి. వాటిలో తిట్లు ఏవో, కానివి ఏవో వేరు చేసి వ్రాసుకొని వచ్చే శనివారం తీసుకురండి.